నల్ల ముడి, తెల్ల ముడి

మా వదిన చెన్నమ్మ పోయిన నెలలో కన్నుమూసింది. తొంభై దాటాయని మనవలంటారు, నా లెక్కలో ఒకటి రెండేళ్ళు తక్కువే. దినాలు అయిన రోజు మధ్యాహ్నం, వచ్చినవాళ్ళు తిని లేచాక, ఆమె మనవరాలు సుజాత వచ్చి నా పక్కన కూర్చుంది. సుజాత మా మండలంలోనే నర్సు. ఊరూరూ తిరుగుతుంది. భుజాన ఎప్పుడూ ఒక సంచి ఉంటుంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఉండటానికి వాడే మాత్రలు, మగవాళ్ళ తొడుగులు అందులో పెట్టుకుని, పైసా తీసుకోకుండా గడపలోనే ఇచ్చి వస్తుంది. ఆ పిల్ల నన్ను అడిగింది: “అవ్వా, గివన్నీ లేని కాలంల మీరేం చేసెటోళ్ళు?” మేము దారానికి ముడులు వేశామని చెప్పాను. ఎగతాళి అనుకుని నవ్వింది. చుట్టూ మగవాళ్ళున్నారు, చావింట్లో విడమరిచి చెప్పే సంగతి కాదు, అందుకని ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక రాద్దామని కాగితాలు తీశాను.

మా ఊరు కోస్గికి నాలుగు మైళ్ళు. ఎర్రనేల, రాళ్ళు, వాన పడితేనే పంట. మేము గొర్లు కాసి, గొంగళ్ళు నేసి బతికినవాళ్ళం. పుట్టిల్లు అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది వాసన. తడిసిన ఉన్ని వాసన, దాని మీద చింతగింజల గంజి వాసన, వాటి వెనకాల నుంచి మంద వాసన. గొంగడి నేసే దారానికి ఆ గంజి పట్టిస్తేనే బిగువు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించే పని మా అమ్మది. వేయించేటప్పుడు కమ్మటి వాసన వచ్చేది, పిల్లలు పొయ్యి చుట్టూ చేరి తలా నాలుగు గింజలు బుగ్గన పెట్టుకుని పొద్దంతా చప్పరించేవాళ్ళు. ఉడికిన మర్నాడు అదే గంజి పులిసి, కొత్తవాళ్ళెవరైనా వస్తే ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు అది కంపని తెలియదు. పెళ్ళై అత్తవారింటికి వెళ్ళిన కొత్తలో నాకు నిద్ర పట్టేది కాదు. ఏమి తక్కువైందా అని చాలా రోజులు ఆలోచించి, ఆ వాసన తక్కువైందని కనిపెట్టాను.

బాపు గొర్లను లెక్కపెట్టేవాడు కాదు. మంద ఇంటికి వచ్చే వేళకు దడి దగ్గర చుట్ట ముట్టించుకుని నిలబడేవాడు. చుట్ట సగమయ్యేసరికి మంద లోపలికి పోయేది, ఏ గొర్రె రాలేదో ఆయన చెప్పేవాడు. అంకెలు లేకుండా ఎలా తెలుస్తుందని అడిగితే, ఇంట్లో ఎవరు తినలేదో తెలియడానికి మీ అమ్మ అంకెలు చదువుతుందా అనేవాడు. పొట్టేళ్ళు గొర్ల మీదికి పోకుండా వాటి కడుపు కింద గుడ్డ కట్టి, దాన్ని ఎప్పుడు విప్పాలో అప్పుడే విప్పేవాడు. పిల్లలు గడ్డి లేచాక పుట్టాలి. ఎండల్లో పుడితే తల్లికి పాలుండవు, తల్లీ పిల్లా రెండూ పోతాయి. ఆ విద్య ఆయనకు వాళ్ళ నాయిన నేర్పాడు, మా అన్న మల్లయ్యకు ఆయన నేర్పాడు. బాపు గుడ్డ కట్టేటప్పుడు చూసి మా వదిన ఒకసారి నా చెవిలో, “గొర్రెకున్న నసీబు నాకు లేకపాయె పిల్లా” అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. అప్పటికి ఆమెకు మూడో కాన్పు.

ఆడవాళ్ళం ఉన్ని వడికేవాళ్ళం. కదురు తొడ మీద ఒక తోపు తోసి వదిలితే గిర్రున తిరుగుతూ దారం సాగేది. వదిన వడికిన దారం వెంట్రుకంత సన్నంగా వచ్చేది, నాది చేంతాడులా వచ్చేది. నెలకు నాలుగు రోజులు మాత్రం ఎవరికి వారికి ఆ పని ఉండదు. ముట్టయిన మనిషి ఇంటి వెనక పంచలో ఉండాలి, ఐదో రోజు తలకు పోసుకున్నాకే లోపలికి రావాలి. మంద బీరప్ప దేవునిది కాబట్టి మంద దగ్గరికి పోరాదు, ఉన్ని ముట్టరాదు, కదురు ముట్టరాదు. నిజం చెప్పాలంటే మాకు దొరికిన సెలవు అదొక్కటే. ఒక్కోసారి వదినకూ నాకూ ఒకేసారి వచ్చేది. అప్పుడు ఆ పంచలో గోడకు ఆనుకుని కూర్చుని, నేను పైకి చదువుతుంటే ఆమె వినేది. పుస్తకం ముట్టరాదని మాత్రం మాకెవరూ చెప్పలేదు, ఎందుకంటే నాకు ముందు ఆ ఇంట్లో పుస్తకమే లేదు.

ఆ పుస్తకాల సంగతి కొంచెం చెప్పుకోవాలి, అది నా గొప్ప. పెళ్ళైన ఐదేళ్ళకూ నాకు పిల్లలు కలగలేదు. నా పెనిమిటి ఇంకొక ఆమెను తెచ్చుకున్నాడు, నేను పుట్టింటికి తిరిగి వచ్చాను. బాపు ఒక్క ప్రశ్న అడగలేదు, గొంగడి పరిచి కూర్చోమన్నాడు. చిన్నప్పటి మూడో తరగతి చదువు ఒక్కటే నా ఆస్తి. వారం వారం అన్న గొంగళ్ళు అమ్మడానికి కోస్గి అంగడికి పోతుంటే నేనూ వెంట పోయేదాన్ని. అక్కడ ఒక కిరాయి గదిలో గ్రంథాలయం ఉండేది, మూడు అల్మారాలు. దాన్ని చూసుకునే పెద్దమనిషి ఉర్దూలో చదువుకున్నవాడు, మెత్తని మనిషి. ఆడమనిషి లోపలికి రావడం ఆయనకు అదే మొదలు. కుర్చీ వేయాలో వద్దో తేల్చుకోలేక అల్మారా వెనక ఒక పీట వేయించాడు. ఆ పీట మీద కూర్చుని ఐదారేళ్ళలో మూడు అల్మారాలూ చదివేశాను. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి పై వరస నుంచి మొదలుపెట్టి అన్నీ చదివాను. తేనెటీగల పెంపకం, సముద్రపు దొంగల కథలు, గ్రహణాలు ఎందుకు వస్తాయి, ఏదీ వదల్లేదు. ఇప్పటికీ మా ఊళ్ళో గ్రహణం గురించి నాకన్నా వివరంగా చెప్పగలవాళ్ళు లేరని నా నమ్మకం. వదిన నన్ను పంతులమ్మా అని పిలిచేది. అమ్మకు మాత్రం నా చదువు గిట్టేది కాదు. ఉన్ని వడకాల్సిన చేతులకు కాగితాలేమిటని గొణిగేది.

వదినకు ఐదో కాన్పు చాలా కష్టమైంది. పిల్ల దక్కలేదు, నెత్తురు ఆగలేదు. బండిలో వేసి, అక్కడి నుంచి బస్సెక్కించి, ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. బతికింది. ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరమ్మ మా అన్నను పిలిచి, ఇంకొక కాన్పు వస్తే మనిషి దక్కడం కష్టమని చెప్పింది. మరేం చెయ్యాలమ్మా అని అన్న అడిగితే, జాగ్రత్తగా ఉండమంది. అంతే. ఆ జాగ్రత్త ఎక్కడ దొరుకుతుందో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. వెనక్కి వస్తూ బస్సులో అన్న, ఏదైనా మందు రాయాల్సి ఉండె, మరిచిపోయిందేమో అన్నాడు. వదినకు అప్పటికి ముప్పై రెండు ముప్పై మూడు. ముగ్గురు బతికిన పిల్లలు, చిన్నవాడు ఇంకా నడక నేరుస్తున్నాడు. ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా, మళ్ళీ నెల తప్పితే ఆ ముగ్గురికీ తల్లి ఉండదని మా అందరికీ తెలుసు.

ఆ జాగ్రత్త నాకు రెండో అల్మారాలో దొరికింది. అట్ట ఊడిపోయిన చిన్న పుస్తకం, పేరు కూడా లేదు. పిండం ఎలా ఏర్పడుతుంది, కాన్పులు ఎలా ఆపుకోవచ్చు అని బొమ్మలతో ఉంది. అల్మారా వెనక పీట మీద కూర్చుని చదువుతుంటే నా చెవులు కాలిపోయాయి. ఇంటికి తీసుకుపోతానని చూపిస్తే ఆ పెద్దమనిషి అట్ట లేని మొదటి పేజీ చూశాడు, తల ఎత్తకుండా రిజిస్టరులో ‘ఆరోగ్యం’ అని రాసుకుని నా వైపు జరిపాడు. ఆయనకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను. పుస్తకంలో రబ్బరు సాధనాల గురించి ఉంది, హైదరాబాదు మందుల దుకాణాల్లో దొరుకుతాయని ఉంది. అవి కొనాలంటే మగవాడు అంత దూరం పోవాలి, అడగడానికి గొంతు పెగలాలి, మా ఇంటి వారం రోజుల తిండి ఖర్చు చేతిలో ఉండాలి. పుస్తకమంతా ఉన్నవాళ్ళ కోసం రాసినట్టుంది. చివరి రెండు పేజీల్లో మాత్రం పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటి రాశారు. ముట్టయిన మొదటి రోజు నుంచి లెక్కపెట్టి, మొదటి వారం, చివరి తొమ్మిది రోజులు భయం లేదని, నడుమ పన్నెండు రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండాలని. అన్ని శరీరాలకూ ఒకే లెక్క సరిపోదని చివర ఒక వాక్యం కూడా ఉంది. దాన్ని నేను చదివి, పక్కన పెట్టేశాను. నాకు దొరికిన నిధి ముందు ఆ వాక్యం చిన్నగా కనబడింది.

మర్నాడు గింజల పొట్టు తీస్తూ వదినకు చెప్పాను. నేల మీద బొగ్గుతో ఇరవై ఎనిమిది సున్నాలు గీశాను. ఆమె కాసేపు చూసి, “నాకీ సున్నాలు ఏం తెలుస్తయ్ పిల్లా. దారమైతె తెలుస్తది” అంది. కదురు నుంచి నల్ల ఉన్ని దారం రెండు ముక్కలు తెంపింది, తెల్లది ఒకటి తెంపింది, తెల్లది నడుమ వచ్చేలా మూడూ కలిపి ముడేసింది. ఏడు నల్ల ముడులు, పన్నెండు తెల్ల ముడులు, మళ్ళీ తొమ్మిది నల్ల ముడులు. ఒక్క లాగుతో విడిపోయే జారుముడులు. రోజుకొకటి విప్పుకుంటూ పోవాలి, నెల అయ్యాక మళ్ళీ వేసుకోవాలి. పుస్తకం రాసిన పెద్దలకు తట్టని ఉపాయం చదువు రాని మా వదినకు తట్టిందని నేను మురిసిపోయాను. దారాన్ని కుండల దొంతి వెనక మేకుకు వేలాడదీసింది. తెల్ల ముడుల రోజుల్లో అన్న మంద దగ్గర పడుకోవాలి. మందను అప్పుడు రైతుల చేలల్లో ఎరువు కోసం తిప్పేవాళ్ళం కాబట్టి ఎవరో ఒకరు అక్కడ పడుకోవాల్సిందే. వదిన అన్నకు ఏం చెప్పిందో తెలియదు, ఆయన మాత్రం తలకాయ ఊపి, గొంగడి భుజాన వేసుకుని పోయేవాడు. కొడుక్కి మంద మీద ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో బాపుకు అంతుబట్టలేదు. మల్లయ్యకు ఇప్పుడు బుద్ధి వచ్చిందని ఊళ్ళో చెప్పుకునేవాడు. మేమిద్దరం కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళం.

అమ్మ కళ్ళు కప్పడం అంత తేలిక కాదు. రెండు నెలల్లోనే పసిగట్టింది. వదినను ఏమీ అనలేదు, నన్ను పట్టుకుంది. ఆ రోజు జొన్నరొట్టె తడుతూ, తల తిప్పకుండా, “నీ కడుపు పండలేదని దాని కడుపు గూడ ఎండగొడ్తవా?” అంది. పెనంమీద రొట్టె మాడేదాకా నేను అక్కడే నిలబడ్డాను. పిల్లలు లేని మనిషి పిల్లలు వద్దని చెబితే ఎవరైనా అదే అనుకుంటారు, అది నాకూ తెలుసు. డాక్టరమ్మ మాట అమ్మకూ తెలుసు. కాని కోడలి కడుపు దేవుడి పని, అందులో చెయ్యి పెట్టడం ఆమెకు భయం. ఆ సాయంత్రం వదిన నా పక్కన చేరి, మీ అమ్మ మాట మనసులో పెట్టుకోకు అని, చిన్నవాణ్ణి తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

ఐదు నెలలు సాఫీగా జరిగాయి. ఆరో నెల వదిన పంచలోకి రాలేదు. నేను తెలిసి కూడా తెలియనట్టే ఉన్నాను. ఏడో నెల కూడా రాకపోయేసరికి తిరగలి దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా వైపు చూడలేదు. ముడులు ఎక్కడో తప్పి ఉంటాయని, ఒక రోజు రెండు విప్పిందేమోనని, పిల్లలు లాగారేమోనని ఆరా తీశాను. ఒక్క రోజు కూడా తప్పలేదంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టావని అడిగాను.

“తలకు పోసుకున్నంక మొదటి ముడి ఇప్పితి. ఇంకెక్కడికెంచి?”

“ముట్టయిన నాటికెంచే అని చెప్తి గద వదినా.”

ఆమె నా మొహంలోకి చూసింది. “ముట్టుమీద ఉన్ని ఎట్ల ముడతరు బాలమ్మా? నువ్వు ముడతవా?”

నేను ముట్టను. నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను, నెలనెలా అదే పంచలో కూర్చున్నాను. ఉన్ని దారానికి ముడులు వేస్తుంటే పక్కనే ఉండి మెచ్చుకున్నాను. మొదటి నాలుగు రోజులూ ఆ దారాన్ని ఆమె తాకలేదని నాకు తట్టలేదు. నా తలలో పుస్తకం లెక్క నడుస్తోంది, ఆమె చేతుల్లో ఇంటి లెక్క నడుస్తోంది. నాలుగు రోజుల తేడా. భయం లేదనుకుని విప్పిన మొదటి ఏడు నల్ల ముడుల్లో చివరివి నాలుగూ నిజానికి తెల్లవి. అన్ని అల్మారాలు చదివినదాన్ని, మా పెరట్లో ఉన్న పంచను చదవలేకపోయాను. వదిన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ దారాన్ని తీసి, ఒక పొట్టేలు గుడ్డకు తాడు తెగిపోతే దానికి కట్టేసింది. దానికైనా పనికొస్తుందిలే అంది.

ఇంట్లో అందరికీ తెలిసింది. అమ్మ ఈసారి ఎత్తిపొడవలేదు. “పుస్తకం జూసి మనిషి పానం మీదికి తెస్తివి” అని మెల్లగా అని, ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. నేను అంగడికి పోవడం మానేశాను. ఆ పెద్దమనిషి మా అన్నను అడిగాడట, మీ చెల్లె బాగున్నదా అని. ఒక్క పని మాత్రం పట్టుబట్టి చేయించాను. కాన్పుకు నెల ముందే వదినను ఆ పెద్ద దవాఖాన ఉన్న ఊరికి తీసుకుపోయి, పక్క సందులో ఒక గది కిరాయికి తీసుకున్నాం. కాన్పుకు ముందే దవాఖాన పక్కన కాపురం పెట్టడం మా ఊళ్ళో అదే మొదలు. నలుగురూ నవ్వారు. బాపు రెండు గొర్లు అమ్మి డబ్బు ఇచ్చాడు. ఆ నెల రోజులూ ఆ చిన్న గదిలో వదినా నేనూ వండుకుని, తిని, ఊరి కబుర్లు చెప్పుకున్నాం. ఒకనాడు ఆమె, తనకేమన్నా అయితే చిన్నవాణ్ణి నేనే సాకాలని, మిగతా ఇద్దరూ అమ్మ దగ్గర పెరుగుతారని, ఉల్లిగడ్డలు తరుగుతూ చెప్పింది. ఉల్లిగడ్డల వల్ల ఇద్దరికీ వీలు దొరికింది.

కాన్పు భయపడినట్టే అయింది. నెత్తురు ఆగలేదు. కాని ఈసారి బండి, బస్సు లేవు, సందు దాటితే దవాఖాన. అన్న నెత్తురు ఇచ్చాడు. రెండు రోజులు ఆమెకు తెలివి లేదు. అమ్మ వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది, తినలేదు. మూడో రోజు వదిన కళ్ళు తెరిచి, మంద మీదికి ఎవరు పోయిన్రని అడిగింది. అన్న ఏడుస్తూ నవ్వాడు. పుట్టినవాడు అంజయ్య. వాడి కూతురే సుజాత. నా తప్పు లేకపోతే ఆ నర్సు పిల్ల ఉండేది కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. వాడు పుట్టినందుకు నాకు సంతోషమే, వాణ్ణి ఎత్తుకు పెంచినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కాని ఆ రెండు రోజులు వరండాలో కూర్చున్నవాళ్ళెవరూ అట్లా లెక్క వేయలేరు.

ఆ తర్వాత రెండేళ్ళూ అన్న మందతోనే ఉన్నాడు. నల్ల ముడి అన్నదే లేదు, అన్నీ తెల్లవే. తిండికి వచ్చేవాడు, గడప దగ్గర కూర్చుని తిని పోయేవాడు. వాళ్ళిద్దరూ ఒకరంటే ఒకరికి ప్రాణంగా ఉన్న మనుషులు. మొగడు ఉండి కూడా లేనట్టాయెనని వదిన ఒకసారి అంది, మళ్ళీ అనలేదు. మగవాళ్ళ ఆపరేషన్ మాట అప్పుడప్పుడే మా వైపు వినబడుతోంది కాని, గొర్రెను భుజాన వేసుకునే బలం పోతుందని కాపరులెవరూ ముందుకు రాలేదు. అలాంటప్పుడు ఒక నర్సమ్మ నడిచి మా ఊరికి వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి, తెల్లచీర, తోలుసంచి. ఆమె మాట మాకు సగం అర్థమయ్యేది, మా మాట ఆమెకు పావు. మా వాకిట్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టి అరచేతిలో ఒక తెల్లటి ప్లాస్టిక్ మెలిక చూపించింది. లూపు అంది, లోపల పెడితే కడుపు రాదంది. కోస్గిలో ఫలానా రోజు వేస్తారని, పైసా అక్కర్లేదని చెప్పింది. దాని చివర ఒక సన్నని దారం వేలాడుతోంది. వదిన నా డొక్కలో పొడిచి, “దీనికి గూడ దారమున్నది సూడు పంతులమ్మా” అంది.

నర్సమ్మ పోయాక ఊరంతా అదే మాట. అది పైకి పాకి గుండెకు చుట్టుకుంటుందని ఒకామె, ఎండలో పని చేస్తే లోపల కరుగుతుందని ఇంకొకామె. వదిన ఎవరినీ పట్టించుకోలేదు, నన్నే అడిగింది, పుస్తకంలో దీని గురించి ఏమున్నదని. నాకు తెలియదన్నాను. నిజానికి ఒక పత్రికలో కొంత చదివాను. అయినా నోరు రాలేదు. నా మాట మీద ఆమె ఒకసారి చావు దాకా పోయి వచ్చింది. మళ్ళీ నేను చెప్పలేనని, నువ్వే ఆలోచించుకో అని లేచిపోయాను. అమ్మ పొయ్యి దగ్గర అన్నీ వింటోంది.

ఇప్పటి పిల్లలకు ఇదంతా వింతగా ఉంటుంది. సుజాత సంచిలో ఉన్నవాటిలో ఏది కావాలో ఆడపిల్ల ఎంచుకుంటుంది, పడకపోతే మారుస్తుంది. ఫోనులో అడుగుతారట. మాకు ఎంచుకోవడానికి ఏమీ లేదు, అడగడానికి మనిషి లేదు. కాని అప్పటి వాకిలి నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది. గింజల పొట్టు తీస్తూ పక్కపక్కన కూర్చుని, ఒకరి కడుపు సంగతి ఇంకొకరం మోసిన రోజులవి. సుజాత చెబుతుంది, మాత్రలు తీసుకుని తలుపు వేసుకుంటారు, ఇంట్లో రెండో మనిషికి కూడా తెలియనియ్యరని. అది మంచిదేమో. మా ఇంట్లో తలుపులే తక్కువ. అయినా ఒక సంగతిలో నాకు అనుమానం లేదు. ఆ నర్సమ్మ సంచి మా ఊరికి పదేళ్ళు ముందు వచ్చి ఉంటే బాగుండేది, దాని బదులుగా ఆ వాకిలినీ, ఆ వాసననూ, నా మూడు అల్మారాలనూ అడిగినా ఇచ్చేసేదాన్ని.

నర్సమ్మ చెప్పిన రోజు పొద్దున అమ్మ రొట్టెలు గుడ్డలో మూట కట్టింది. బండి కట్టమని అన్నకు చెప్పింది. వదిన వైపు, నా వైపు చూసి, “నడువుండ్రి, పొద్దెక్కుతది” అంది. ఎక్కడికని మేము అడగలేదు. కోస్గిలో ఒక బడి గదిలో తెర కట్టారు. బయట చాలామంది ఆడవాళ్ళున్నారు, సగం మంది భయంతో మధ్యలోనే లేచిపోయారు. వదిన వంతు వచ్చినప్పుడు అమ్మ కూడా లేచి నర్సమ్మకు అడ్డం నిలబడింది. ఆమె అడిగింది ఒక్కటే: “దీనికి లెక్క పెట్టేదేమన్న ఉన్నదా?” నర్సమ్మకు అర్థం కాక నా వైపు చూసింది. రోజులు లెక్కపెట్టాలా అని అడుగుతోందని చెప్పాను. “అబ్బే, లెక్కలేమీ అక్కర్లేదు పిన్నిగారూ. ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది, వద్దనుకుంటే తీసేస్తాం” అంది. అమ్మ పక్కకు తప్పుకుంది. “అయితె పెట్టు” అంది.

తిరిగి వచ్చేటప్పుడు వదిన బండిలో పడుకుంది, అన్న బండి తోలాడు. అమ్మా నేనూ వెనకాల నడిచాం. కోస్గి దాటాం. రాళ్ళ గుట్ట పక్కన దారి తిరిగాక, అమ్మ నా వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది. మీ అన్నకు ముందు ఇద్దరంది. మీ అన్నకూ నీకూ నడుమ ముగ్గురంది. నీ వెనకాల ఇద్దరంది. ఎవరు ఏ కాలంలో పుట్టారో, ఎవరు ఎన్ని నెలలు ఉన్నారో, ఎవరికి బోర్లా పడటం వచ్చిందో, ఎవరు పాలు తాగకుండానే పోయారో, ఒక్కొక్కరినీ చెప్పింది. ఆమె పిల్లలంటే అన్నా నేనూ ఇద్దరమే అన్నట్టు ఆ రోజు దాకా ఉన్నాను. పుట్టి పోయినవాళ్ళున్నారని లీలగా తెలుసు. పేర్లు ఉన్నాయని తెలియదు. “కండ్లు తెరిచేటాల్లకు ఇంకొకటి కడుపుల ఉంటుండె. ఒకదానికి ఏడ్సుడు ఒడవకముందె ఇంకొకటి. ఆ నర్సమ్మ ఆనాడు యాడ వాయె?” అని ఆగింది. అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. కొంచెం దూరం నడిచాక, “నీకు రాసుడు వస్తది గద బాలమ్మా. రాసి పెట్టు. నా వెనకాల ఎవరికీ యాదికుండదు” అంది.

చేతిలో కాగితం లేదు. ఇల్లు చేరేదాకా ఆ పేర్లు మనసులో వల్లించుకుంటూ నడిచాను. ఒకటి మరిచిపోయి మళ్ళీ అడిగాను, ఆమె విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. రాములు, ఈశ్వరమ్మ, పెద్ద మల్లమ్మ, సాయిలు, చిన్న మల్లమ్మ, బీరయ్య. చివరి ఆడపిల్లకు ఇంకా పేరు పెట్టలేదు.